కేస్ స్టడీ, ప్రాజెక్టు: మార్కులు ఎక్కడ పోతున్నాయి?

బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ డిప్లొమా చదువుతున్నవాళ్ల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి మీదే. రాసినవాళ్లు చాలావరకు పగలు ఉద్యోగం, రాత్రి చదువు. అందుకే పుస్తకంలో దొరికే నిర్వచనాలు వదిలేసి, దిద్దేవాళ్లు ఏం చూస్తారో అదే చెబుతున్నాం. జవాబుల్లోని ధరలు, ఖర్చులు లెక్క చూపించడానికి ఊహించినవి. మార్కుల విభజన, పేజీల పరిమితి ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటాయి. మేం చెప్పినదానికీ మీ సంస్థ ఇచ్చిన ప్రాజెక్టు నిబంధనలకూ తేడా వస్తే నిబంధనలనే పాటించండి.

ప్రశ్న: పరీక్షలో కేస్ స్టడీకి నాలుగు పేజీలు నింపాను, 20కి 7 వచ్చాయి. నా స్నేహితురాలు రెండు పేజీలే రాసి 14 తెచ్చుకుంది. తేడా ఎక్కడండీ? (ఒక పాఠకురాలు, అమలాపురం)

మీ మొదటి పేజీ మొత్తం ఇచ్చిన కథనే తిరగరాయడంతో అయిపోయి ఉంటుంది. రెండో పేజీలో మేనేజ్‌మెంట్ సిద్ధాంతాల నిర్వచనాలు వచ్చి ఉంటాయి. దిద్దేవాళ్లకు ఆ కథ ముందే తెలుసు, నిర్వచనాలకు వేరే ప్రశ్నలున్నాయి. కేస్‌లో మార్కులు పడేది మీరు తీసుకున్న నిర్ణయానికి, దానికి మీరు చూపిన ఆధారానికి.

మూడు గంటలు, 100 మార్కుల పేపరైతే మార్కుకు 1.8 నిమిషాలు. అంటే 20 మార్కుల కేస్‌కి 36 నిమిషాలు. అందులో మొదటి 8 నిమిషాలు చదవడానికే పెట్టుకోండి. ముందు చివరి ప్రశ్నలు చదవండి, తర్వాత కథ. రెండోసారి చదివేటప్పుడు అంకెల కింద గీత గీయండి. ఎవరి అభిప్రాయమో, ఏది జరిగిన సంగతో పక్కన గుర్తు పెట్టుకోండి. ‘అమ్మకాలు పడిపోవడానికి సేల్స్‌వాళ్ల బద్ధకమే కారణం’ అని కేస్‌లో మేనేజర్ అంటే అది మేనేజర్ మాటే తప్ప జరిగిన సంగతి కాదు. దాన్నే సమస్యగా రాసేసి బోల్తా పడేవాళ్లు చాలామంది.

తర్వాత ఓ ఆరు నిమిషాలు చిత్తు రాతకి. సమస్య ఒకే వాక్యంలో, రెండు మూడు దారులు, వాటిని దేంతో కొలుస్తారో (డబ్బు, సమయం, రిస్కు), ఏది ఎంచుకున్నారు, ఎవరు ఎప్పటికి ఏం చెయ్యాలి. రాయడానికి 18 నిమిషాలు చాలు. మిగిలిన నాలుగు నిమిషాల్లో లెక్కలు సరిచూసుకోండి. వదిలేసిన దారిని ఎందుకు వదిలేశారో ఒక్క వాక్యమైనా రాయండి. బాగా రాసేవాళ్లు కూడా మరిచిపోయేది అదే.

ప్రశ్న: మాకిచ్చిన కేస్ ఆత్రేయపురం పూతరేకుల యూనిట్ మీద. పెట్టె ధర 200, పెట్టెకు రేకులు, నెయ్యి, పంచదార, జీడిపప్పు, అట్టపెట్టె కలిపి 140. నెలకు అద్దె 18,000, ఇద్దరి జీతాలు 24,000, కరెంటు 3,000. ఇప్పుడు నెలకు 1,100 పెట్టెలు అమ్ముతున్నారు, 1,400 వరకు చేయగలరు. హైదరాబాద్ షాపు ఒకటి నెలకు 400 పెట్టెలు 165 చొప్పున అడిగింది, రవాణా పెట్టెకు 8 యూనిట్‌దే. ‘యజమాని, ఆయన భార్య పొద్దున్నుంచీ పనిలోనే ఉంటారు’ అని కూడా ఉంది. బ్రేక్ ఈవెన్ (లాభం, నష్టం లేకుండా ఖర్చులు తిరిగొచ్చే అమ్మకం) 750 పెట్టెలని సరిగ్గానే వేసి, పెట్టెకు 17 మిగులుతుంది కాబట్టి ఆర్డర్ ఒప్పుకోవాలని రాశాను. సగం మార్కులే వచ్చాయి. (ఒక పాఠకుడు, రావులపాలెం)

లెక్క తప్పు కాదు, అయితే రెండు చోట్ల ఆగిపోయారు.

మొదటిది యజమాని దంపతుల పని. ఆ వాక్యం అలంకారానికి పెట్టింది కాదు. వాళ్లు తప్పుకుంటే ఆ పనికి మనిషిని పెట్టుకోవాలి కదా. నెలకు 15,000 అనుకుంటే స్థిర ఖర్చు 45,000 కాస్తా 60,000 అవుతుంది. పెట్టెకు మిగులు 60 కాబట్టి బ్రేక్ ఈవెన్ 1,000 పెట్టెలకు చేరుతుంది. 1,100 అమ్ముతున్న యూనిట్‌కు 350 పెట్టెల వెసులుబాటు ఉందనుకున్నది నిజానికి 100 పెట్టెలే. ఇంటిల్లిపాదీ కష్టపడే చిన్న వ్యాపారాల కేస్‌లన్నిట్లో ఈ మెలిక ఉంటుంది. కొబ్బరి, అరటి, నర్సరీ, ఏదైనా సరే.

రెండోది సామర్థ్యం. ఖాళీగా ఉన్నది 300 పెట్టెలకే. 400 ఒప్పుకుంటే మామూలు గిరాకీలో 100 పెట్టెలు వదులుకోవాలి. ఆర్డర్ మీద వచ్చేది 400 × 17 = 6,800. పోగొట్టుకునేది 100 × 60 = 6,000. చివరికి చేతికి దక్కేది 800 రూపాయలు. అదే 300 పెట్టెలకు ఒప్పుకుంటే 300 × 17 = 5,100 పూర్తిగా మిగులుతుంది. ఆ చివరి 100 పెట్టెలు ఇచ్చి నష్టపోకుండా ఉండాలంటే ధర కనీసం 140 + 8 + 60 = 208 పడాలి. కొట్లో చిల్లరగా అమ్మే ధర కంటే ఎక్కువ. ఆ షాపు ఇవ్వదు. కాబట్టి జవాబు ‘300 వరకే ఒప్పుకోవాలి’. అవును, కాదు అనే రెండు మాటల మధ్యలో ఉన్న ఈ జవాబు కోసమే కేస్‌లో 1,400 అన్న అంకె పెట్టారు. యజమాని జీతం ఈ రెండో లెక్కలోకి రాదు. ఆర్డర్ ఒప్పుకున్నా మానినా అది మారదు కనుక.

మిగతా మార్కులు అంకెలు కానివాటికి. పూతరేకు గాలి తగిలితే మెత్తబడుతుంది, కుదుపుకి విరుగుతుంది. దెబ్బతిన్న పెట్టెల భారం ఎవరిదో ముందే తేల్చుకోవాలి. డబ్బు ఎప్పుడిస్తారన్నది ఇంకో సంగతి. ఎంఎస్‌ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి) చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీదారులకు కొనుగోలుదారు ఒప్పందం చేసుకున్న గడువులో చెల్లించాలి. ఆ గడువు సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఈ రక్షణ అందాలంటే యూనిట్‌కు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉండాలి. 45 రోజుల అప్పు ఇచ్చినా యూనిట్ సొంత డబ్బు నెలన్నర సరుకులో ఇరుక్కుంటుంది: 300 × 148 × 1.5 = 66,600. ఇంత డబ్బు ఎక్కడినుంచి తెస్తారో ఒక వాక్యం రాస్తే మీ జవాబు మిగతావాళ్లకంటే మెట్టు పైనుంటుంది.

ప్రశ్న: తణుకు దగ్గర రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. ప్రాజెక్టు కూడా మా మిల్లు వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడపడానికి కావాల్సిన డబ్బు) మీదే. ఆడిట్ అయిన ఐదేళ్ల బ్యాలెన్స్ షీట్లు తీసి రేషియోలన్నీ కట్టాను. ‘వ్యాపారం అర్థం కాలేదు’ అని గైడ్ గారు తిప్పి పంపారు. ఐదేళ్ల లెక్క సరిపోదా అండీ?

ఐదేళ్లు ఎక్కువే. అసలు చిక్కు తేదీతో వచ్చింది.

బ్యాలెన్స్ షీట్ మార్చి 31 నాటిది. మన గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్) వడ్లు నవంబరు నుంచి మిల్లుకు వస్తాయి, దాళ్వా (రబీ) కోతలు మార్చి తర్వాత ఏప్రిల్, మే నెలల్లో ఊపందుకుంటాయి. మార్చి ఆఖరికి సార్వా సరుకు చాలావరకు ఆడేసి పంపేసి ఉంటారు, దాళ్వా ఇంకా రాలేదు. ఏడాది మొత్తంలో గోడౌన్ బాగా ఖాళీగా ఉండే రోజుల్లో తీసిన ఫొటో అది. మీరు దాన్నే ఐదేళ్లూ ఐదుసార్లు తీశారు.

ఏడాదికి అమ్మిన సరుకు ఖర్చు 7.3 కోట్లు అనుకుందాం. రోజుకు 2 లక్షలు. మార్చి 31న స్టాకు 40 లక్షలైతే మీ రిపోర్టులో ‘స్టాకు 20 రోజుల్లో తిరుగుతోంది, నిర్వహణ అద్భుతం’ అని వస్తుంది. పన్నెండు నెలల ఆఖరి తేదీల స్టాకు కలిపి సగటు తీస్తే 1.6 కోట్లు వచ్చిందనుకోండి. అప్పుడు 80 రోజులు. బ్యాంకు క్యాష్ క్రెడిట్ లిమిట్ (వ్యాపారం నడపడానికి బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి) ఎందుకు చాలడం లేదో, డిసెంబరులో వడ్డీ ఎందుకు పెరుగుతోందో ఈ 80 చెబుతుంది, ఆ 20 చెప్పదు.

కాబట్టి రెండేళ్లు తీసుకోండి చాలు, అయితే నెలనెలా తీసుకోండి. మీరు అకౌంట్స్‌లోనే ఉన్నారు కాబట్టి ట్యాలీలో ప్రతి నెలాఖరు తేదీ పెట్టి స్టాకు, బాకీదారులు, మిల్లు డబ్బు ఇవ్వాల్సినవాళ్లు, క్యాష్ క్రెడిట్ బ్యాలెన్సు, ఈ నాలుగూ ఒక పట్టికలోకి దించుకోవడం ఒక పూట పని. ఆ ఇరవై నాలుగు వరుసల పట్టికే మీ ప్రాజెక్టుకు ప్రాణం. రేషియోల అధ్యాయం అందులోంచి దానంతటదే వస్తుంది.

ఆ పట్టికలో ఒక జాగ్రత్త. మిల్లు ప్రభుత్వానికి కస్టమ్ మిల్లింగ్ (ప్రభుత్వ వడ్లు ఆడించి బియ్యం తిరిగి ఇవ్వడం) చేస్తుంటే ఆ వడ్లు మీ గోడౌన్‌లో ఉన్నా మీ స్టాకు కాదు. మీ వాటా మిల్లింగ్ ఛార్జీ, తవుడు, ఊక లాంటి ఉప ఉత్పత్తులే. దాన్ని కలిపేస్తే అన్ని లెక్కలూ చెడతాయి. ఈ పద్ధతిలో పచ్చి బియ్యమైతే క్వింటా వడ్లకు 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇవ్వాలన్నది నిర్ణయించిన దిగుబడి. మీ మిల్లు సొంత దిగుబడిని దీనితో పోల్చితే మంచి అధ్యాయం అవుతుంది.

కిలో బియ్యం ఖర్చు కట్టేటప్పుడు తవుడు, ఊక, నూకల మీద వచ్చిన డబ్బు తీసెయ్యడం మరవకండి. క్వింటా వడ్లు 2,400, ఆడించే ఖర్చు 120 అనుకుంటే 2,520. దాన్ని నేరుగా 67తో భాగిస్తే కిలో 37.61 పడుతుంది. ఉప ఉత్పత్తుల మీద 320 వస్తే మిగిలేది 2,200, అప్పుడు కిలో 32.84. ఐదు రూపాయలకు దగ్గర తేడా. బస్తాల్లో రాసిన పుస్తకం నుంచి అంకెలు తీస్తుంటే మన వైపు వడ్ల బస్తా 75 కిలోలన్నది రిపోర్టులో ఒకచోట చెప్పండి. బయటి జిల్లా ఎగ్జామినర్‌కు అది తెలియాలని లేదు.

ప్రశ్న: రొయ్యల మేత డీలర్లు ఇచ్చే అరువు మీద ప్రాజెక్టు. శాంపిల్ 384 ఉండాలని సీనియర్లు అంటున్నారు. నేను తీసుకున్న ప్రాంతంలో డీలర్లే 40 మంది. ఏం చెయ్యాలి? (ఒక పాఠకుడు, భీమవరం)

ఆ 384 అన్నది క్రెజ్సీ, మోర్గన్ అనే పరిశోధకులు 1970లో ఇచ్చిన శాంపిల్ పట్టికలో చివరి వరుస. మొత్తం జనాభా పది లక్షలుంటే ఆ శాంపిల్. అదే పట్టికలో 100కి 80, 40కి 36. నలభైమందిలో 36మందిని వెతికి పట్టుకునేవాళ్లు ఆ మిగిలిన నలుగురినీ కలిసెయ్యండి. అది శాంపిల్ సర్వే కాక సెన్సస్ అవుతుంది, శాంపిల్ పద్ధతి గురించి రాసే బాధ తప్పుతుంది.

మీ ప్రశ్నావళి కూడా పంపారు కాబట్టి దాని గురించీ ఒక మాట. ‘అరువు విధానంతో మీరు సంతృప్తిగా ఉన్నారా?’ అని ఐదు గడులు పెట్టారు. నలభైమందీ ‘పర్వాలేదు’ గడిలో టిక్కు పెడతారు, మీకు పై చార్టు ఒకటి వస్తుంది, అంతే. దాని బదులు జరిగినదాన్ని అడగండి: కిందటి పంటలో ఎంతమంది రైతులకు అరువిచ్చారు, మొదటి మేత ఇచ్చిన రోజు నుంచి ఆఖరి పైసా వచ్చేసరికి ఎన్ని రోజులు పట్టింది, నగదు ధరకీ అరువు ధరకీ బస్తాకు తేడా ఎంత, కంపెనీకి మీరు ఎన్నాళ్లలో కట్టాలి. డీలర్ 30 రోజుల్లో కంపెనీకి కడుతూ, స్టాకు 15 రోజులు ఉంచుకుని, రైతు దగ్గర 120 రోజులు ఆగితే 15 + 120 − 30 = 105 రోజుల డబ్బు ఆయనే పెట్టుకుంటున్నాడు. ధరలో తేడా ఆ 105 రోజుల వడ్డీకి సరిపోతోందా లేదా అన్నదే మీ ప్రాజెక్టు.

రైతులనూ కలుస్తానంటే పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టే) రోజున వెళ్లకండి. కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎంత తేలుతుందో, ఏ రేటు పలుకుతుందో అన్న హడావిడిలో ఎవరూ కాగితం పట్టుకోరు. పంట మధ్యలో, మేత వేశాక వెళ్తే తీరిగ్గా చెబుతారు.

ప్రశ్న: నరసాపురంలో లేసు ఎగుమతి యూనిట్‌లో పని చేస్తున్నాను. పని ప్రదేశంలో మార్పు తెచ్చి రిపోర్టు రాయాలి. కొలత ఫ్రేములు ఇప్పించి రిజెక్షన్ తగ్గించాను. ‘ఎవిడెన్స్ చాలదు’ అన్నారు. (ఒక పాఠకురాలు)

‘తగ్గింది’ అనే మాటకు ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలు పక్కపక్కన ఉండాలి. ముందు 1,200 పీసులు తనిఖీ చేస్తే 96 వెనక్కి వచ్చాయి, అంటే 8 శాతం. తర్వాత 1,150కి 46, అంటే 4 శాతం. ఇలా. భాగించేది తనిఖీ చేసిన పీసులతోనే, ఎగుమతి చేసినవాటితో కాదు. పండగ వారం కలపకండి. రెండుసార్లూ తనిఖీ చేసిన మనిషి ఒకరేనా, డిజైన్లు అవేనా చూసుకోండి. ముందు నెలలో పెద్ద టేబుల్ క్లాత్‌లు, తర్వాత నెలలో చిన్న డాయిలీలు వచ్చి ఉంటే తగ్గుదల ఫ్రేము గొప్పతనం కాకపోవచ్చు. వైవాలో (మౌఖిక పరీక్షలో) మొదట అడిగేది అదే.

మీ దగ్గర ఒక సౌకర్యం ఉంది. లేసు పని ఏజెంట్ల ద్వారా ఇళ్లకు వెళ్తుంది కాబట్టి ఒక ఏజెంట్ కింద అల్లేవాళ్లకు ఫ్రేములిచ్చి, ఇంకొకరికి నెల ఆగి ఇవ్వవచ్చు. ఇవ్వని చోట శాతం మారకుండా, ఇచ్చిన చోట తగ్గితే ఇక వాదన ఉండదు. ఇంకా గడువుంటే ఇది చేయండి. రిజెక్షన్ కారణాలను కూడా విడదీయండి: మరక, కొలత తేడా, ముడి వదులు. ఫ్రేము కొలత తేడాను తగ్గించగలదు కానీ మరకను కాదు. మరకలు కూడా సగానికి తగ్గినట్టు మీ పట్టికలో ఉంటే ఎక్కడో లెక్క తప్పింది.

డబ్బులోకి మార్చేటప్పుడు ఉన్నదే రాయండి. తగ్గిన 4 శాతం అంటే 1,200కి 48 పీసులు. సరిచేయడానికి పీసుకు 25 రూపాయలైతే నెలకు 1,200 ఆదా. ఫ్రేములకు 3,000 అయితే రెండున్నర నెలల్లో తిరిగొస్తుంది. చిన్న అంకె అని సిగ్గుపడి ‘కంపెనీ లాభాలు గణనీయంగా పెరిగాయి’ అని రాయకండి. సూపర్‌వైజర్ సంతకమున్న తనిఖీ రిజిస్టర్ పేజీల నకళ్లు అనుబంధంలో పెట్టండి. ‘మేము చేశాము’ అని రాసినచోటల్లా అందులో మీ వంతు ఏమిటో విడిగా చెప్పండి. మార్కులు మీకే, కంపెనీకి కాదు.

ప్రశ్న: ప్రాజెక్టు చేసుకోనిస్తామన్నారు కానీ మా ఓనరు గారు అసలు అంకెలు బయటికి వెళ్లకూడదంటున్నారు.

రూపాయల్లో ఉన్న అంకెలన్నిటినీ ఒకే సంఖ్యతో, 0.7 గానీ 1.3 గానీ, గుణించండి. శాతాలు, రేషియోలు, రోజుల లెక్కలు ఏమీ మారవు. ‘గోప్యత కోసం అంకెలన్నీ ఒకే గుణకంతో మార్చాం’ అని రిపోర్టులో రాయండి, గుణకం మాత్రం రాయకండి. కొన్నిటిని మార్చి కొన్నిటిని వదిలేస్తే రేషియోలు చెడి దొరికిపోతారు. కంపెనీ పేరు మార్చితే అనుబంధంలోని బిల్లుల మీద, లెటర్‌హెడ్ మీద కూడా కనబడకూడదు. కస్టమర్ల ఫోన్ నంబర్లు ఎలాగూ పెట్టకూడదు.

ప్రశ్న: కాలేజీ ఎదురు జిరాక్స్ షాపులో రెడీమేడ్ రిపోర్టులు దొరుకుతున్నాయి. పది శాతం వరకు కాపీ ఉన్నా పర్వాలేదట, నిజమేనా? (కాకినాడ)

ఆ పది శాతం మాట యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018 నిబంధనల్లోది. అవి పీజీ, పరిశోధన స్థాయి థీసిస్‌లకు. అసైన్‌మెంట్లను, ప్రాజెక్టు రిపోర్టులను ఆ నిబంధనలే మినహాయించాయి. అంటే మీకు వర్తించేది మీ సంస్థ సొంత నియమం, అది ఇంకా కఠినంగానూ ఉండవచ్చు. షాపులో కొన్నది పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. పేరు మార్చినా మధ్యలో ఎక్కడో వేరే ఊరి కంపెనీ మిగిలిపోతుంది. పట్టికలో 120 మంది, కింద వివరణలో 100 మంది ఉంటారు.

ప్రశ్న: స్వాట్‌లో (సంస్థ బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పుల పట్టిక) తుఫానును బలహీనతలో రాస్తే కొట్టేశారు.

బలహీనత అంటే సంస్థ లోపలిది. తుఫాను బయటి ముప్పు. తడిసిన వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ లేకపోవడం బలహీనత. వేసవిలో కాలువలు కట్టేయడాన్ని కూడా ముప్పుల్లో రాస్తుంటారు. ఏటా వచ్చేదని తెలిసినదాన్ని ప్రణాళికలో చూపించాలి, స్వాట్‌లో కాదు.

ప్రశ్న: వైవాలో ఏం అడుగుతారోనని భయంగా ఉంది. (ఒక పాఠకురాలు, పాలకొల్లు)

పుస్తకంలోని నిర్వచనాలు తక్కువ అడుగుతారు. రిపోర్టు తెరిచి ఒక పట్టిక మీద వేలు పెట్టి ‘ఇది ఎక్కడినుంచి వచ్చింది?’ అంటారు. అందుకని ప్రతి పట్టిక కింద మూలం రాసి ఉంచుకోండి, నింపిన ప్రశ్నావళులు, రిజిస్టర్ నకళ్లు ఒక ఫైల్లో పెట్టి పట్టుకెళ్లండి. తర్వాత ‘మీ సూచన అమలు చేస్తే ఎంత ఖర్చవుతుంది?’ అంటారు. ‘సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి, ప్రకటనలు పెంచాలి’ అని రాసినవాళ్లు అక్కడే తడబడతారు. ప్రతి సూచన పక్కన ఖర్చు, బాధ్యుడు, గడువు ముందే రాసి ఉంటే చదివి చెప్పేయొచ్చు. మూడోది, ‘మీ అధ్యయనంలో లోపమేమిటి?’. ‘సమయం చాలలేదు’ అందరూ చెప్పేదే. ‘రెండు మండలాల డీలర్లనే కలిశాను, తీరం వైపు చెరువుల్లో అరువు పద్ధతి వేరుగా ఉండొచ్చు’ లాంటిది చెప్పండి.

సంతకాల పేజీ మాత్రం బైండింగుకు ముందే చూసుకోండి. గైడ్ సంతకం, కంపెనీ సర్టిఫికెట్ మీద ముద్ర, తేదీ ఉండాలి. ఆ తేదీ మీరు డేటా సేకరించానని రాసిన తేదీల కంటే ముందు ఉండకూడదు.